పాట ఇంట్లోనే రికార్డు చేయాలంటే ఏ సౌండ్ కార్డు? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాలు దాదాపు అన్నీ ఒకే విషయం మీద వచ్చాయి. జానపద పాట, బతుకమ్మ పాట, ఒగ్గు కథ ఇంట్లో కంప్యూటర్ మీద రికార్డు చేసుకోవాలి, దానికి ఏ సౌండ్ కార్డు కొనాలి అని. అందుకే శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాం. కొనేముందు డబ్బా మీది అంకెలు పక్కన పెట్టి మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోండి. ఒకేసారి ఎన్ని మైకులు పెట్టాలి? ఆ మైకులు ఏ రకం? మీ కంప్యూటర్‌కు ఆ కంపెనీ సొంత డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) ఇస్తుందా? ఈ మూడూ తేలితే ఏది కొనాలో చాలావరకు తేలినట్టే.

ప్రశ్న: నేను జానపద పాటలు రాసి పాడుత, కీబోర్డు వాయిస్త. ఇంట్ల డెస్క్‌టాప్ కంప్యూటరున్నది. దుకాణంల లోపల బిగించే 7.1 సౌండ్ కార్డు చూపెట్టిండ్రు. 192 కిలోహెర్ట్జ్ అని డబ్బా మీద రాసి ఉన్నది. దీంతోటి పాట మంచిగ రికార్డు అయితదా? – ఒక గాయకుడు, హన్మకొండ

కాదు, అది కొనకండి. 7.1 అంటే బయటికి ఎనిమిది స్పీకర్లకు ధ్వని పంపడం. సినిమాలకూ ఆటలకూ చేసిన కార్డు అది. మీకు కావలసింది లోపలికి వచ్చే దారి. ఆ కార్డుల్లో మైకుకు ఉండేది చిన్న 3.5 మి.మీ. రంధ్రం ఒక్కటే. అందులో వచ్చే రెండు మూడు వోల్టులు హెడ్‌సెట్ మైకుకు సరిపోతాయి. స్టూడియో కండెన్సర్ మైకుకు 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైకు వైరు గుండానే కార్డు పంపే కరెంటు కావాలి, అది అక్కడ లేదు. స్టేజీ మీద వాడే డైనమిక్ మైకుకు కరెంటు అక్కర్లేదు కానీ, దాని నుంచి వచ్చే సిగ్నల్ చాలా చిన్నది. షూర్ ఎస్‌ఎం58 ముందు గట్టిగా పాడితే రెండు మిల్లీవోల్టుల దగ్గర వస్తుంది. దాన్ని వెయ్యి రెట్లు పెంచితేనే రికార్డుకు పనికొస్తుంది. ఆ పెంచే భాగాన్ని ప్రీయాంప్ అంటారు. లోపల బిగించే మామూలు కార్డులో అది నాసిరకంగా ఉంటుంది. పైగా గ్రాఫిక్స్ కార్డు, ఫ్యాన్లు, పవర్ సప్లై పక్కనే ఉండటం వల్ల మౌస్ కదిపితే కూడా చెవిలో గరగర వినిపిస్తుంది.

మీకు కావలసింది యూఎస్‌బీతో బయట పెట్టుకునే రికార్డింగ్ కార్డు. దుకాణంలో ‘ఆడియో ఇంటర్‌ఫేస్’ అని అడగండి. ముందు భాగంలో మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్, 48వీ అని రాసిన మీట, మైకు సిగ్నల్ పెంచే గెయిన్ మర, హెడ్‌ఫోన్ రంధ్రం కనిపించాలి. వెనక స్పీకర్లకు 6.35 మి.మీ. బ్యాలెన్స్‌డ్ రంధ్రాలు రెండు ఉండాలి.

ఒక్కరే పాడి, కీబోర్డు తర్వాత విడిగా వాయించుకుంటే ఒక మైకు దారి ఉన్న కార్డు చాలు. ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో అలాంటిది. కానీ మీరు కీబోర్డు కూడా వాయిస్తారు కాబట్టి రెండు దారులున్నది తీసుకోమని మా సలహా. కీబోర్డు స్టీరియోలో రావాలంటే ఎడమ, కుడి రెండు వైర్లు పెట్టాలి. రెండు దారులూ మైకుకూ లైనుకూ (కీబోర్డు లాంటి వాటి పెద్ద సిగ్నల్‌కూ) పనికొచ్చేవైతే పాట పాడేటప్పుడు ఒకటి, కీబోర్డు ఎక్కించేటప్పుడు రెండూ వాడుకోవచ్చు. స్కార్లెట్ 2ఐ2, బెరింగర్ యూఎంసీ202హెచ్‌డీ, మోటు ఎం2, ఆడియెంట్ ఈవో 4 ఈ కోవలోవే. చేతిలో డబ్బు తక్కువుంటే బెరింగర్ యూఎం2తో మొదలు పెట్టొచ్చు కానీ దాని హద్దులు తెలిసి కొనండి: 16 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ వరకే. ధ్వని ఆలస్యాన్ని తగ్గించే సొంత ఆసియో డ్రైవర్ లేదు, ఆసియో4ఆల్ అనే సాధారణ డ్రైవర్ మీద ఆధారపడుతుంది. ఆ డ్రైవర్ నడిచేటప్పుడు బ్రౌజర్ శబ్దం ఆగిపోవడం, ఉన్నట్టుండి కార్డు దొరకలేదనడం మామూలే. ఇంకొంత కూడబెట్టి సొంత డ్రైవర్ ఉన్నది కొంటే రోజూ ఆ తలనొప్పి ఉండదు.

192 కిలోహెర్ట్జ్ సంగతి. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దాకా వింటుంది. 48 కిలోహెర్ట్జ్ దగ్గర రికార్డు చేస్తే 24 కిలోహెర్ట్జ్ వరకు పడుతుంది. వీడియోకూ అదే లెక్క నడుస్తుంది. 192లో పెడితే ఫైలు నాలుగింతలవుతుంది, పాటలో మీకు తేడా తెలియదు. 24 బిట్లు మాత్రం తప్పకుండా చూసుకోండి. 16 బిట్లలో నిశ్శబ్దానికీ గరిష్ఠానికీ మధ్య 96 డెసిబెల్ల స్థలం ఉంటే, 24 బిట్లలో లెక్క ప్రకారం 144. దాని లాభం ఏమిటంటే, గెయిన్ తగ్గించి నిమ్మళంగా రికార్డు చేసుకోవచ్చు. గట్టిగా ఎత్తుకున్న చరణంలో కూడా మీటర్ మైనస్ 12 దగ్గర ఆగేలా మర తిప్పండి. ఎర్ర లైటు ఒక్కసారి వెలిగినా అక్కడ గొంతు పగిలినట్టే, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని పూర్తిగా అతికించలేదు.

కొన్నాక కార్డును కంప్యూటర్ వెనక ఉన్న యూఎస్‌బీ రంధ్రానికే పెట్టండి. ముందు భాగపు రంధ్రాలు లోపల సన్న వైరుతో వస్తాయి, హబ్ అయితే కరెంటు పంచుకుంటుంది. కరెంటు చాలకపోతే ఫాంటమ్ పవర్ వేయగానే కార్డు ఆగిపోవడమో, రికార్డులో టిక్కు టిక్కుమనడమో జరుగుతుంది. ఇంకొక మాట: బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామంటే ఒప్పుకోకండి. వారంటీకి అది కావాలి.

ప్రశ్న: మొబైల్ లైవ్ కోసం అమ్మే చిన్న మిక్సరు లాంటి కార్డు, దాంతోటి వచ్చిన కండెన్సర్ మైకు కొన్న. ల్యాప్‌టాప్‌కు పెడితే వెనక సుయ్యిమని వినిపిస్తది. ఇకో పోతలేదు. ఏం చేయాలె? – జగిత్యాల

మీ దగ్గర ఉన్నది వి8 పేరుతో తిరిగే రకం. ఫోన్లో లైవ్ పెట్టడానికి చేసింది. ధ్వనిని లోపలే కలిపి, ఇకో పూసి, ఒకే వైరులో బయటికి పంపుతుంది. రికార్డులో ఒకసారి ఇకో పడితే తర్వాత విడదీయలేం. ఇకో మరను సున్నాకు తిప్పండి, ట్రెబుల్ మర మధ్యలో ఉంచండి, ఆటో ట్యూన్ లాంటి మీటలు నొక్కకండి. దీనితో కొంత మెరుగవుతుంది.

సుయ్యిమనే శబ్దానికి అసలు కారణం మైకు. ఆ సెట్టుతో వచ్చే వైరుకు ఒక వైపు ఎక్స్‌ఎల్‌ఆర్, ఇంకో వైపు 3.5 మి.మీ. పిన్ను ఉంటుంది. 48 వోల్టులు అందాల్సిన చోట రెండు మూడు వోల్టులు అందితే మైకు బలహీనంగా పలుకుతుంది. దాన్ని సరిచేయడానికి మనం గెయిన్ పెంచుతాం, గొంతుతో పాటు సుయ్యి కూడా పెరుగుతుంది. 48 వోల్టులు ఇచ్చే కార్డు, రెండు వైపులా ఎక్స్‌ఎల్‌ఆర్ ఉన్న వైరు దొరికితే ముందు ఈ మైకునే పెట్టి వినండి. చాలా మైకులు అప్పుడు వేరే మైకులా పలుకుతాయి. బాగుంటే కొత్త మైకు ఖర్చు తప్పుతుంది. ఫాంటమ్ మీట వేసేముందు మైకు పెట్టేయండి, స్పీకర్ తగ్గించండి, వేశాక అయిదు సెకన్లు ఆగండి. మైకు తీసేటప్పుడు మీట ముందు ఆపండి.

ప్రశ్న: మాది ఒగ్గు కథ బృందం. కథ చెప్పేటాయన, ఇద్దరు వంత, రెండు డోళ్లు, తాళాలు. అందరం ఒక్కసారే చెప్తేనే కథ పండుతది, ఒక్కొక్కరం విడిగ రికార్డు చేస్తే రాదు. యూఎస్‌బీ ఉన్న మిక్సరు తీసుకుంటే సాలుతదా? – జనగామ ప్రాంతం

మీరన్నది నిజం. వంత పాడేవాళ్లు కథకుడి ముఖం చూస్తూ అందుకోవాలి. డోలు మాట వెంట నడవాలి. అందరూ కలిసి చెప్పడమే సరైన పద్ధతి. అందుకే మీ విషయంలో లెక్క మారుతుంది.

యూఎస్‌బీ మిక్సర్లలో ఒక కిటుకు ఉంది, చాలామంది అక్కడే మోసపోతారు. పైన పన్నెండు మరలున్నా, చిన్న మిక్సర్లలో ఎక్కువ భాగం కంప్యూటర్‌కు పంపేది రెండే ట్రాకులు, అంటే కలిపేసిన ఎడమ, కుడి. డోలు ఎక్కువైందని ఇంటికొచ్చాక తెలిస్తే దాన్ని ఒక్కదాన్నే తగ్గించలేరు. మిక్సరే కావాలంటే ప్రతి దారినీ విడి ట్రాకుగా పంపుతుందా అని రాతపూర్వకంగా చూసుకోండి. సౌండ్‌క్రాఫ్ట్ సిగ్నేచర్ 12 ఎంటీకే అలా పంపేది. పేరులో ఎంటీకే లేని అదే కంపెనీ చిన్న మిక్సర్లు అలా పంపవు.

ఇంటర్‌ఫేస్ తీసుకుంటే పేరులోని అంకెను నమ్మకండి. స్కార్లెట్ 4ఐ4లో నాలుగు దారులున్నా మైకు పెట్టగలిగేవి రెండే, మిగతావి లైను. 18ఐ20లో మైకులకు ఎనిమిదే. మిగతా పదీ డిజిటల్ దారులు, వాటికి వేరే పెట్టె కావాలి. వివరాల్లో ‘మైక్ ప్రీయాంప్‌లు ఎన్ని’ అన్నది ఒక్కటే చదవండి. నాలుగు మైకులకు బెరింగర్ యూఎంసీ404హెచ్‌డీ, ఎనిమిదింటికి బెరింగర్ యూఎంసీ1820 తక్కువ ధరలో దొరికేవి. ఈ రెండింటికీ కరెంటు అడాప్టర్ వేరే ఉంటుంది. ఊళ్లోకి పట్టుకెళ్లి రికార్డు చేయాలంటే అది గుర్తుంచుకోండి.

మీకు ఎనిమిది ఉంటే బాగుంటుంది. కథకుడికి ఒకటి, వంతకు చెరొకటి, డోళ్లకు చెరొకటి, తాళాలకు ఒకటి. మిగిలిన రెండు మైకులు బృందానికి రెండు మీటర్ల ముందు, మనిషి ఎత్తులో. నాలుగే ఉంటే కథకుడికి ఒకటి, వంత ఇద్దరి మధ్య ఒకటి, డోళ్ల మధ్య ఒకటి, ముందు ఒకటి. తాళాలకు మైకు పెట్టినా దగ్గరగా పెట్టకండి, అవి ఎక్కడున్నా అన్ని మైకుల్లోకీ దూరతాయి. నిజానికి తాళాలు వేసే మనిషిని బృందం వెనక్కి జరిపితే సగం సమస్య తీరుతుంది.

మైకుల మధ్య దూరానికి ఒక కొలత ఉంది. నోటికీ మైకుకూ 20 సెం.మీ. ఉంటే, పక్క మైకు కనీసం 60 సెం.మీ. దూరంలో ఉండాలి. ఒకటికి మూడింతలు. దగ్గర పెడితే ఒకే గొంతు రెండు మైకుల్లో కొంచెం తేడాతో పడి, కలిపినప్పుడు డొల్లగా వినిపిస్తుంది.

కథకుడు నిలబడి ఆడుతూ చెప్పే మనిషైతే స్టాండు మైకు పనికిరాదు, అడుగు పక్కకు వేయగానే గొంతు పోతుంది. తలకు పెట్టుకునే మైకు వాడండి. వైర్‌లెస్ అయితే దాని రిసీవర్ మీద మైకు, లైను మీట ఏ వైపు ఉందో చూసి, కార్డులో కూడా అదే పెట్టండి. కాళ్లకు గజ్జెలు కట్టుకుంటే అడుగు దెబ్బ స్టాండ్ల గుండా మైకులోకి ఎక్కుతుంది. స్టాండ్ల కింద మందపాటి జంపఖానా మడిచి వేయండి, గొంతు మైకుల మీద 80 హెర్ట్జ్ దగ్గర లో-కట్ (కింది శబ్దాన్ని కోసేసేది) పెట్టండి. డోలు మైకు మీద మాత్రం లో-కట్ వద్దు.

డోలు, డప్పు శబ్దం మీటర్ మీద కనిపించేదానికన్నా ముందే రికార్డులో పగులుతుంది, ఎందుకంటే దెబ్బ క్షణంలో లేచి పడుతుంది. డప్పు ఉంటే మైకు మీటరు నుంచి మీటరున్నర దూరంలో, చర్మానికి కొంచెం పక్కగా పెట్టండి. సిర్ర దెబ్బ, సిటికెన పుల్ల దెబ్బ రెండూ వేరుగా వినిపించే చోటు వెతకండి. డైనమిక్ మైకైనా గెయిన్ దాదాపు కిందే ఉంటుంది. డప్పు చల్లగా ఉన్నప్పుడు లెవెల్ చూస్తే సరిపోదు. చల్లబడ్డాక చర్మం వదులై శబ్దం మారుతుంది, మళ్లీ కాచినప్పుడు ఎగసి పగులుతుంది. బాగా కాగినప్పుడు లెవెల్ పెట్టండి.

డిస్కు లెక్క కూడా చూసుకోండి. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక ట్రాకు నిమిషానికి 8.64 మెగాబైట్లు తింటుంది. ఎనిమిది ట్రాకులు గంటకు నాలుగు గిగాబైట్లు దాటుతాయి. మూడు గంటల కథకు పన్నెండున్నర. కథ మధ్యలో ఆగితే మళ్లీ ఆ ఊపు రాదు, ముందే ఇరవై గిగాబైట్లు ఖాళీ చేయండి.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌కు ఛార్జరు పెట్టగానే రికార్డింగుల గుయ్యిమని శబ్దం. తీస్తే పోతది. కార్డు ముట్టుకుంటే ఒక్కోసారి జివ్వుమంటది. కార్డు ఖరాబైందా? – కాజీపేట

కార్డుది తప్పు కాదు, ఇంటి ఎర్తుది. ఈ జివ్వుమనడాన్ని తేలిగ్గా తీసుకోకండి. మైకు పట్టుకుని పాడే మనిషికి అది ప్రమాదం.

ల్యాప్‌టాప్ ఛార్జర్ల లోపల చిన్న కెపాసిటర్లుంటాయి. అవి కొద్దిపాటి కరెంటును ఎర్తులోకి పంపాలి. రెండు పిన్నుల ఛార్జరైనా, మూడో పిన్నుకు గోడలో ఎర్తే లేకపోయినా ఆ కరెంటు ల్యాప్‌టాప్, యూఎస్‌బీ వైరు, కార్డు పెట్టె మీదుగా దారి వెతుక్కుంటుంది. వేసవిలో ఇది ఎక్కువ, ఎందుకంటే ఎర్త్ గుంత ఎండిపోతుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మల్టీమీటర్‌తో రెండు కొలతలు తీయించండి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టుల దగ్గర ఉంటే, ఫేజుకూ ఎర్తుకూ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. ఫేజు నుంచి ఎర్తుకు బాగా తక్కువ చూపిస్తే గుంతలో నీళ్లు పోయించి, తుప్పు పట్టిన వైరు మార్పించండి.

ఎర్తు బాగైనా గుయ్యి ఉంటే అది రెండు దారుల్లో ఎర్తు కలవడం. ల్యాప్‌టాప్, స్పీకర్లు, కీబోర్డు అన్నీ ఒకే మూడు పిన్నుల బోర్డు మీద పెట్టండి. స్పీకర్లకు పిన్ను మీద ఒక నల్ల గీత ఉన్న మామూలు కేబుల్ బదులు రెండు నల్ల గీతలున్న బ్యాలెన్స్‌డ్ కేబుల్ వాడండి. కీబోర్డు పెట్టినప్పుడే వస్తే మధ్యలో గ్రౌండ్ లిఫ్ట్ మీట (సిగ్నల్ వైరులో ఎర్తు కలపకుండా విడదీసేది) ఉన్న డీఐ బాక్స్ అనే చిన్న పెట్టె పెట్టండి. ఎర్తు పిన్ను విరగ్గొట్టమని ఎవరు చెప్పినా వినకండి. శబ్దం పోతుంది, ప్రాణం మీదికి వస్తుంది.

కరెంటు పోయినప్పుడు మాత్రమే గరగర వస్తే మీ ఇన్వర్టరు స్క్వేర్‌వేవ్ రకం. అప్పుడు బ్యాటరీ మీద రికార్డు చేయండి. ఫ్యాను తిప్పితే వచ్చే బుర్రుమనే శబ్దం పాత డిమ్మర్ రెగ్యులేటర్‌ది, స్టెప్పుల రెగ్యులేటర్ వేయిస్తే పోతుంది. ఫోను మైకు వైరుకు మీటరు దూరంలో, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచండి.

ప్రశ్న: హెడ్‌ఫోన్ల నా గొంతు నాకే వెనకబడి వినిపిస్తది. తాళం తప్పుతున్న. కార్డు మార్చాల్నా? – కరీంనగర్

ముందు బ్లూటూత్ హెడ్‌ఫోన్ వాడుతున్నారేమో చూడండి. అందులో వంద మిల్లీసెకన్లకు పైగా ఆలస్యం సహజం, ఏ కార్డూ దాన్ని తగ్గించలేదు. వైరున్న, చెవి మొత్తం మూసే హెడ్‌ఫోన్ కావాలి. చెవి చుట్టూ తెరిచి ఉన్నదైతే ట్రాకు మైకులోకి కారుతుంది.

వైరుదే వాడుతుంటే కార్డు మీద డైరెక్ట్ మానిటర్ మీట వేయండి. గొంతు కంప్యూటర్ దాకా పోకుండా కార్డు నుంచే చెవికి వస్తుంది. మీట వేశాక సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాకు మానిటరింగ్ ఆపేయాలి, లేదంటే గొంతు రెండుసార్లు వినిపిస్తుంది. ఎక్కువమంది మర్చిపోయేది ఇదే. గొంతు ఒక్క చెవిలోనే వస్తే మానిటర్‌ను మోనోలో పెట్టండి.

సాఫ్ట్‌వేర్ గుండానే వినాలంటే డ్రైవర్ జాబితాలో కార్డు కంపెనీ ఆసియో ఎంచుకుని బఫర్ (కంప్యూటర్ ధ్వనిని ఒక్కోసారి పోగుచేసుకునే ముక్క) తగ్గించండి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 1024 శాంపిళ్ల బఫర్ అంటే ఒక్క దిక్కుకే 21 మిల్లీసెకన్లు. 256 అంటే 5.3. 128 అంటే 2.7. పోను రాను కలిపి, కార్డు సొంత ఆలస్యం కూడా చేరి రెండింతలు దాటుతుంది. 128 దగ్గర పాడండి. టిక్కులు వస్తే 256కు పెంచండి. పాటంతా కలిపి మిక్స్ చేసేటప్పుడు 1024 పెట్టుకుంటే కంప్యూటర్‌కు ఊపిరి ఆడుతుంది. ల్యాప్‌టాప్‌లో పవర్ సెట్టింగ్ హై పెర్ఫార్మెన్స్‌లో పెట్టి, రికార్డు చేసేటప్పుడు వైఫై ఆపితే టిక్కులు చాలావరకు పోతాయి. ఉచితంగా దొరికే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో 3వ వెర్షన్ దాకా మామూలుగా ఆసియో రాదు. బఫర్ విషయంలో పట్టు కావాలంటే రీపర్ లాంటి సాఫ్ట్‌వేర్‌కు మారండి, 60 రోజులు వాడి చూశాక కొనుక్కోవచ్చు.

ట్రాకు శృతి మారి వినిపిస్తోందని ఇంకో ఉత్తరం వచ్చింది. దానికీ ఇక్కడే జవాబు. కార్డు 48 మీద, ప్రాజెక్టు 44.1 మీద ఉంటే దాదాపు ఒకటిన్నర స్వరస్థానం తేడా వస్తుంది. రెండూ 48 చేయండి.

ప్రశ్న: షూర్ ఎస్‌ఎం7బీ మైకు కొన్న, ఒక మైకు దారున్న చిన్న కార్డు కొన్న. గెయిన్ మొత్తం తిప్పినా గొంతు సన్నగ వస్తది. – హుజూరాబాద్

ఆ మైకు సిగ్నల్ ఎస్‌ఎం58 కన్నా చిన్నది. దానికి కనీసం 60 డెసిబెల్ల గెయిన్ కావాలని కంపెనీయే చెబుతుంది. నాలుగో తరం స్కార్లెట్ సోలో ఇచ్చేది 57, అదే తరం 2ఐ2 ఇచ్చేది 69. కార్డు మార్చలేకపోతే మైకుకూ కార్డుకూ మధ్య ఫాంటమ్ పవర్‌తో పనిచేసే చిన్న బూస్టర్ పెట్టుకోండి. లేదంటే మైకుకు బెత్తెడు దూరంలోకి రండి, ఖర్చు లేకుండా చాలా డెసిబెల్లు పెరుగుతాయి.

ప్రశ్న: పాత ఫైర్‌వైర్ కార్డు, డెల్టా 1010ఎల్‌టీ పీసీఐ కార్డు తక్కువ ధరకు ఇస్తమంటున్నరు. తీసుకోవాల్నా? – పెద్దపల్లి

ఫైర్‌వైర్ వద్దు. కొత్త కంప్యూటర్లలో ఆ రంధ్రమే లేదు, చాలా వాటికి కొత్త విండోస్ డ్రైవర్లు దొరకవు. డెల్టాకు పాత పీసీఐ స్లాటు కావాలి, ఇప్పటి మదర్‌బోర్డుల్లో అది అరుదు. పాత మదర్‌బోర్డు ఉండి, లైనక్స్ నడపగలిగితే అక్కడ దాని డ్రైవర్ ఇప్పటికీ ఉంది. ఎనిమిది దారులుంటాయి కానీ మైకు ప్రీయాంప్‌లు రెండే.

ప్రశ్న: మంచి మైకు, మంచి కార్డు కొన్న. అయినా బావిల నుంచి పాడినట్టు వస్తది. – నర్సంపేట

స్లాబు ఇల్లు, గచ్చు నేల, సున్నం గోడలు. చప్పట్లు కొట్టి చూడండి, గది మధ్యలో టంగుమంటే అదే రికార్డులో పడుతోంది. ఇంతకన్నా ఖరీదైన కార్డు దీన్ని ఇంకా స్పష్టంగా పట్టిస్తుంది, అంతే. డబ్బు గది మీద పెట్టండి.

వరంగల్ కొత్తవాడ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రికార్డింగ్‌కు అవి చక్కగా పనికొస్తాయి. గోడకు అంటించి వేలాడదీస్తే పైశబ్దం మాత్రమే తాగుతాయి. గోడకు పది సెంటీమీటర్లు ఎడంగా, రెండు పొరలుగా తాడు మీద వేస్తే ఇంకా కింది శబ్దం కూడా తగ్గుతుంది. గాయకుడి వెనక వేయడం ముఖ్యం, ఎందుకంటే మైకు చూసేది అటే. నేల మీద ఒకటి. మూలలో దూది పరుపు నిలబెట్టండి. గది నట్టనడుమ నిలబడకండి, పొడుగు గోడ మీద మూడో వంతు దగ్గర నిలబడండి. మైకుకు జానెడు దూరం, మధ్యలో పాప్ ఫిల్టర్. ఫ్యాను ఆపాలి, అందుకే ఎండాకాలం తెల్లవారుజామున పాడటం మేలు.

ప్రశ్న: మా నాయిన చెప్పిన కథల క్యాసెట్లు ఇంట్ల ఉన్నయి. కంప్యూటర్‌లకు ఎక్కించాలంటే మంచి ఇంటర్‌ఫేసు కొనాల్నా? – పరకాల

ఈ పనికి మైకు ప్రీయాంప్ అక్కరలేదు. లైను దారి ఉంటే చాలు. బెరింగర్ యూఎఫ్ఓ202 లాంటి చిన్న యూఎస్‌బీ కార్డుకు ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ రంధ్రాలుంటాయి. క్యాసెట్ డెక్కు వెనక ఉన్న లైన్ అవుట్ నుంచి నేరుగా వైరు పెట్టొచ్చు. దాని మీది మీట లైను వైపు ఉంచండి, ఫోనో (గ్రామఫోన్ రికార్డు ప్లేయరు) వైపు ఉంటే ధ్వని పగిలిపోతుంది. రెండు లైను దారులున్న ఇంటర్‌ఫేస్ ఇప్పటికే ఉంటే అదే ఇంకా మంచిది, 24 బిట్లలో వస్తుంది. హెడ్‌ఫోన్ రంధ్రం మాత్రమే ఉన్న టేపురికార్డరైతే వాల్యూం సగం దగ్గర పెట్టి తీయండి.

ఎక్కించేముందు క్యాసెట్‌ను ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్లీ మొదటికి తిప్పండి, ఏళ్లుగా అంటుకున్న టేపు వదులవుతుంది. టేపు అంచున తెల్లటి బూజు కనిపిస్తే దాన్ని తిప్పకండి, మిగతా వాటికీ హెడ్డుకూ అంటుకుంటుంది. విడిగా పెట్టి తెలిసిన వాళ్లకు చూపించండి. స్పంజి ముక్క ఊడిన క్యాసెట్టు అయితే నాలుగు మూలల మరలున్న ఇంకో ఖాళీ డొక్కులోకి టేపు మార్చాలి. ప్రతి రెండు క్యాసెట్లకు హెడ్డునూ రబ్బరు రోలరునూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదిపుల్లతో తుడవండి, ఆరాకే వేయండి.

గొంతు ముద్దగా, పైశబ్దం లేకుండా వస్తే చాలాసార్లు టేపు పాడవలేదు, హెడ్డు కోణం కలవలేదు. ఆ క్యాసెట్ రికార్డయిన యంత్రం వేరు, ఇప్పుడు తిప్పే యంత్రం వేరు. హెడ్డు పక్కన స్ప్రింగు ఉన్న చిన్న మర ఉంటుంది. కథ నడుస్తుండగా, ధ్వనిని మోనోలో వింటూ, సన్న స్క్రూడ్రైవర్‌తో కొద్దికొద్దిగా తిప్పండి. స, శ అక్షరాలు స్పష్టంగా పలికిన చోట ఆపండి. ప్రతి క్యాసెట్‌కూ ఈ పని చేయాలి. ఓపిక కావాలి కానీ ఏ సాఫ్ట్‌వేరూ ఇంత లాభం ఇవ్వదు.

లెవెల్ మైనస్ 6 దాటకుండా, ఒక్కో పక్కను ఆపకుండా ఒకే వేవ్ ఫైలుగా తీయండి. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్, స్టీరియోలో 60 నిమిషాల క్యాసెట్ ఒక గిగాబైటు దాటుతుంది. సుయ్యి తగ్గించడం, ముక్కలు చేయడం అన్నీ నకలు మీదే చేయండి, అసలు ఫైలును ముట్టకండి. దాన్ని రెండు వేర్వేరు డిస్కుల మీద పెట్టి, ఒకటి వేరే ఇంట్లో ఉంచండి. ఫైలు పేరులోనే కథ పేరు, చెప్పిన వారి పేరు, ఊరు, తెలిస్తే సంవత్సరం రాయండి.